వరంగల్ పైన ఓజోన్ పటం: ఉపగ్రహాల కొలతలు ఎట్లా కలపాలి, ఎక్కడ కలపకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న చూడనివాళ్లకూ తెలిసేట్టు ముందు రెండు మాటల్లో చెప్తాను. హనుమకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టు నీది. వరంగల్ మీద ఒక డిగ్రీ చదరం గీసుకున్నావు. 1985 నుంచి ఇప్పటిదాకా, 20 నుంచి 45 కిలోమీటర్ల ఎత్తు మధ్య, సేజ్-2, ఎంఎల్ఎస్, ఓఎంపీఎస్ లింబ్ అనే ఉపగ్రహ పరికరాల ఓజోన్ డేటా, దానితోపాటు మెర్రా-2 డేటా తెచ్చి, నెలనెలా అన్నిటి సగటు తీసి ఒకే గీత గీశావు. 2004–05 దగ్గర గీత మెట్టెక్కినట్టు లేచింది. ఆ ఏడు ఓజోన్ నిజంగా మారిందా, రామగుండం, చెల్పూరు థర్మల్ కరెంటు కేంద్రాల చిమ్నీల పొగకు దీంతో సంబంధం ఉందా, మ్యాపును మండలాల వారీగా సన్నగా తీయొచ్చా అని అడిగావు.

మారింది ఓజోన్ కాదు, కొలిచే పరికరం. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. సేజ్-2 1984 అక్టోబర్‌లో మొదలై 2005 ఆగస్టులో ఆగిపోయింది. ఎంఎల్ఎస్‌ను మోసుకెళ్లిన ఆరా ఉపగ్రహం 2004 జులైలో పైకి వెళ్లింది, ఆగస్టు నుంచి కొలతలు మొదలుపెట్టింది. మెర్రా-2 అసలు ఉపగ్రహమే కాదు. అది నాసా వాళ్ల వాతావరణ మోడల్, ఉపగ్రహాల కొలతలను లోపలికి తీసుకుని గాలుల లెక్కతో ఖాళీలు నింపుతుంది. ఆ మోడల్ కూడా 2004 సెప్టెంబర్ దాకా ఎస్‌బీయూవీ అనే పాత ఉపగ్రహ పరికరం కొలతలు తిని, అక్టోబర్ నుంచి ఎంఎల్ఎస్‌కూ, ఆరా మీదే ఉన్న ఇంకో పరికరం ఓఎంఐకీ మారింది. అంటే నీ గీతలో ఏడాది తిరక్కుండానే రెండు మార్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైగా 2004 తర్వాత మెర్రా-2ను, ఎంఎల్ఎస్‌ను కలిపి సగటు తీస్తే ఎంఎల్ఎస్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. మోడల్‌ను కొలతల వరుసలోంచి ముందు తీసెయ్. సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకో, అంతవరకే.

ఇక ఒక్కో పరికరం ఏం చూస్తుందో తెలియకుండా వాటిని కలిపే పని పెట్టుకోవద్దు. సేజ్-2 ఉపగ్రహానికి సూర్యుడు ఉదయించేటప్పుడూ అస్తమించేటప్పుడూ, భూమి అంచున గాలి పొరల గుండా వచ్చే వెలుగును కొలిచేది. ఓజోన్ 600 నానోమీటర్ల దగ్గర కొంత వెలుగు మింగుతుంది, దాన్నిబట్టి లెక్క. వాతావరణం పైన ఉన్న సూర్యుణ్నీ, గాలి వెనక ఉన్న సూర్యుణ్నీ నిమిషాల తేడాలో చూస్తుంది కాబట్టి తనను తానే సరిచేసుకుంటుంది. ఎత్తులో ఒక కిలోమీటరు తేడా కూడా పట్టేస్తుంది. కానీ రోజుకు పదిహేను ఉదయాలు, పదిహేను అస్తమయాలు, ప్రపంచం మొత్తానికి కలిపి ముప్పై కొలతలు! 2000 చివరి నుంచి అవీ సగానికి పడ్డాయి. నీ ఒక డిగ్రీ చదరంలో నెలల తరబడి ఒక్క కొలత కూడా పడి ఉండదు. నీ ప్రోగ్రామ్ ఆ ఖాళీలను దేనితో నింపిందో ఒకసారి తెరిచి చూడు.

ఎంఎల్ఎస్ దారి వేరు. ఓజోన్ తనంత తానుగా వెలువరించే మైక్రోవేవ్‌ను, 240 గిగాహెర్ట్జ్ దగ్గర, భూమి అంచు వైపు చూస్తూ కొలుస్తుంది. సూర్యుడితో పని లేదు కాబట్టి రాత్రీ పగలూ కొలుస్తుంది. రోజుకు దాదాపు 3,500 ప్రొఫైళ్లు (ఒక చోట ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో చెప్పే వరుసలు) ఇస్తుంది. దారి వెంట 165 కిలోమీటర్లకు ఒక ప్రొఫైల్. కానీ ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య మన అక్షాంశంలో 2,600 కిలోమీటర్ల దూరం. ఎత్తులో మందం రెండున్నర నుంచి మూడు కిలోమీటర్లు. ఓఎంపీఎస్ లింబ్, 2011 అక్టోబర్‌లో వెళ్లిన సువోమి ఎన్‌పీపీ మీది పరికరం, భూమి అంచున చెదిరే ఎండను చూస్తుంది. అది పగలే పనిచేస్తుంది.

అంచు వైపు చూసే పరికరాలన్నిటికీ ఒకటే గుణం. వాటి చూపు గాలిలో కొన్ని వందల కిలోమీటర్లు అడ్డంగా సాగుతుంది. వరంగల్ నుంచి ఆదిలాబాద్ గాలి దారిన 220 కిలోమీటర్లు. ఉత్తర తెలంగాణ మొత్తం ఒక్క ప్రొఫైల్‌లో ఇమిడిపోతుంది. మండలాల వారీ మ్యాపు సంగతి ఇక్కడితో తేలిపోయింది కదా! ట్రోపోమి అనే ఉపగ్రహ పరికరం అయిదున్నర, మూడున్నర కిలోమీటర్ల గడులు ఇస్తుంది కదా అంటావేమో. ఆ గడుల్లో ఉండేది నేల నుంచి పైదాకా మొత్తం ఓజోన్ ఒకే అంకెగా. 25 కిలోమీటర్ల ఎత్తులో ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. పర్కాలకూ నర్సంపేటకూ మధ్య అందులో కనిపించే చిన్న తేడా మబ్బుల వల్లనో, కొలతలో ఎప్పుడూ ఉండే చిన్న చిన్న తప్పుల వల్లనో వచ్చినదే. రంగులు వేసి అచ్చేస్తే మ్యాపు అందంగానే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు.

కాబట్టి చదరం వదిలెయ్. 15 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల పట్టీ మొత్తం, భూమి చుట్టూ, తీసుకో. ఇది రాజీ పడటం కాదు, అక్కడి భౌతికశాస్త్రమే అంత. 25 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 25 మీటర్ల వేగంతో వీచే గాలి, 18 డిగ్రీల అక్షాంశం వెంట భూమిని 18 రోజుల్లో చుట్టేస్తుంది. ఓజోన్ అక్కడ నెలల పాటు బతుకుతుంది. వరంగల్ మీద ఈ రోజు ఉన్న గాలి మూడు వారాల కిందట ఎక్కడెక్కడో తిరిగొచ్చినదే. నెలసగటు తీసేసరికి వరంగల్‌కూ, అదే అక్షాంశంలో ఉన్న మెక్సికో ఊరికీ పెద్ద తేడా మిగలదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మన దగ్గరే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, 14 నుంచి 18 కిలోమీటర్ల మధ్య, టిబెట్ పరిసరాలు కేంద్రంగా పెద్ద ప్రతిచక్రవాతం, అంటే గాలి గుండ్రంగా తిరిగే పెద్ద సుడి, నిలుస్తుంది. నేల మీది గాలి, ఓజోన్ తక్కువున్న గాలి, రుతుపవన మబ్బులతో అక్కడిదాకా ఎక్కి లోపల చిక్కుకుపోతుంది. మనం దాని దక్షిణపు అంచు కింద ఉంటాం. ఆ ఎత్తులో, ఆ నాలుగు నెలల్లో, భూమి చుట్టూ తీసిన సగటు మన గాలిని చెప్పదు. నువ్వు 20 కిలోమీటర్ల పైన మొదలుపెట్టావు కాబట్టి చాలామటుకు తప్పించుకున్నావు. ఎప్పుడైనా 16 దాకా కిందికి దిగాలనిపిస్తే మాత్రం రేఖాంశాలను 60 నుంచి 100 డిగ్రీల తూర్పు మధ్య కుదించుకుని చెయ్.

ఇప్పుడు అసలు పని, కలపడం. ఎనుమాముల మార్కెట్లో పాత కాంటా తీసి కొత్త కాంటా పెట్టేటప్పుడు అవే పత్తి బస్తాలను రెండిటి మీదా తూచి చూస్తేనే తేడా ఎంతో తెలుస్తుంది. పాతదాన్ని తీసేశాక వేరే బస్తాలు తూచి లాభం లేదు. ఉపగ్రహాలకూ అంతే, రెండూ కలిసి పనిచేసిన కాలమే నీ ఆస్తి. సేజ్-2కూ ఎంఎల్ఎస్‌కూ అది 2004 ఆగస్టు నుంచి 2005 ఆగస్టు దాకా, ఒక్క ఏడాది. అందులోనూ సేజ్-2 కొలతలు సగమే. ఒక్కో నెలకు, ఒక్కో ఎత్తుకు విడివిడిగా తేడా తీయాలంటే అది చాలా పలచన. అందుకే నీ జాబితాలో లేనిదొకటి చేర్చమంటాను: స్వీడన్ వాళ్ల ఓడిన్ ఉపగ్రహం మీది ఓజోన్ పరికరం ఓసిరిస్. 2001లో వెళ్లింది. సేజ్-2తో నాలుగేళ్లు, ఎంఎల్ఎస్‌తో ఏళ్ల తరబడి కలిసి నడిచింది. రెండిటి మధ్య నమ్మకంగా నిలబడే మధ్యవర్తి అది. సేజ్-2 తేడా ఓసిరిస్‌తో, ఓసిరిస్ తేడా ఎంఎల్ఎస్‌తో తీసి, నేరుగా వచ్చిన తేడాతో సరిపోల్చు. రెండు దారుల్లోనూ వచ్చిన అంకెలు ఒకటి రెండు శాతంలో కలిస్తే నీ అతుకు గట్టిదే.

తేడాను అంకెలో తీసెయ్యడం కన్నా మెరుగైన పద్ధతి ఇంకోటి ఉంది. ఒక్కో పరికరానికి దాని సొంత నెలవారీ సగటు ముందు తీసి, ఆ సగటు నుంచి ఎంత శాతం తప్పిందో మాత్రమే ఉంచుకో. ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోనే పోల్చాలి. అప్పుడు పరికరం స్వభావంగా ఎక్కువ చూపించినా తక్కువ చూపించినా అది సగటుతోపాటే పోతుంది. రుతువుల ఊపు కూడా పోతుంది. మిగిలినవాటిని ఒకే స్థాయికి తెచ్చి, సగటు బదులు మధ్యస్థం, అంటే వరుసగా పేర్చితే నడుమ వచ్చే అంకె, తీసుకో. ఒక పరికరం ఒక నెల పిచ్చి అంకె ఇచ్చినా మధ్యస్థం కదలదు. యూరప్ వాళ్లు సేజ్-2, వాళ్ల సొంత పరికరాలు, ఓఎంపీఎస్ కలిపి చేసిన వరుస ఈ పద్ధతిదే. అమెరికా వాళ్లు ఇట్లాగే కలిపిన వరుస స్వూష్ ఎంఎల్ఎస్‌ను ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దానికి జరుపుతుంది. గోజ్‌కార్డ్స్ అనే ఇంకో వరుస సేజ్-2ను ఆధారం చేసుకుంది. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. నీ గీతను వీటి మీద పెట్టి చూడు. అన్నీ ఒకవైపు, నీదొక్కటే ఇంకోవైపు వెళ్తే లోపం ఎక్కడుందో ముందు నీ ప్రోగ్రామ్‌లో వెతుకు.

ఇక అందరూ జారిపడే చోటు ప్రమాణాలు. సేజ్-2, ఓసిరిస్, ఓఎంపీఎస్ లింబ్ ఘన సెంటీమీటరుకు ఎన్ని ఓజోన్ అణువులో, ఎన్ని కిలోమీటర్ల ఎత్తులో అని ఇస్తాయి. ఎంఎల్ఎస్ మొత్తం గాలిలో ఓజోన్ పాళ్లు ఎంతో, ఏ పీడనం దగ్గర అని ఇస్తుంది. 10 హెక్టాపాస్కల్ అంటే మన దగ్గర సుమారు 31 కిలోమీటర్లు, 1 అంటే 48 దరిదాపు. ఒకదాన్నించి ఇంకోదానికి మార్చడానికి ఉష్ణోగ్రత కావాలి, ఆ ఉష్ణోగ్రత వచ్చేది మళ్లీ మోడల్ నుంచే. మోడల్ ఉష్ణోగ్రతలో ఏళ్ల మీద మెల్లగా జరిగే తప్పు ఉంటే, అది నేరుగా నీ ఓజోన్ గీతలోకి దిగుతుంది. అంతకన్నా సూక్ష్మమైనది ఇంకోటి ఉంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగి స్ట్రాటోస్ఫియర్ (ఎక్కువ ఓజోన్ ఉండే పై గాలి పొర) చల్లబడుతోంది, చల్లబడి కుంచించుకుంటోంది. 42 కిలోమీటర్ల దగ్గర ఇవాళ ఉండే పీడనం నలభై ఏళ్ల కిందటి పీడనం కాదు. కాబట్టి ఎత్తు లెక్కన చూసిన ధోరణీ, పీడనం లెక్కన చూసిన ధోరణీ ఒకటే అంకె ఇవ్వవు. రెండూ నిజమే. కలిపేముందు మాత్రం అన్నిటినీ ఒకే లెక్కకు తేవాలి.

ఎత్తు దగ్గరే ఇంకో మాట. 35 కిలోమీటర్ల పైన ఓజోన్ సాంద్రత ప్రతి నాలుగైదు కిలోమీటర్లకు మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. అంచు వైపు చూసే పరికరం తన చూపు ఎత్తును 100 మీటర్లు తప్పుగా అనుకుందనుకో, ఓజోన్‌లో దాదాపు రెండు శాతం తప్పు వస్తుంది. మనం పట్టుకోవాలనుకుంటున్న అసలు పెరుగుదల పదేళ్లకు రెండు శాతం దరిదాపే! పదేళ్లలో పరికరం చూపు 100 మీటర్లు జారితే ఓజోన్ కోలుకున్నట్టూ కనిపించొచ్చు, కోలుకోనట్టూ కనిపించొచ్చు. నువ్వు ఓఎంపీఎస్ ఏ వెర్షన్ దించుకున్నావో రాయలేదు. ఈ జారుడు సరిచేసిన కొత్త వెర్షనే వాడు, ప్రాజెక్టు రిపోర్టులో ఆ వెర్షన్ పేరు రాయి.

ఎస్‌బీయూవీని కూడా చేర్చాలనుకుంటే దాని మసకతనం గుర్తుపెట్టుకో. నేరుగా కిందికి చూసే పరికరం అది. పైపొరల్లో ఆరేడు కిలోమీటర్ల మందాన్ని ఒకటిగా చూస్తుంది, 25 కిలోమీటర్ల కింద ఇంకా మందంగా. ఎంఎల్ఎస్ ప్రొఫైల్‌ను దానితో నేరుగా పోల్చడం అన్యాయం. ముందు ఎస్‌బీయూవీ డేటాతోపాటు వచ్చే సరాసరి కెర్నల్‌తో, అంటే ఆ పరికరం ఏ ఎత్తును ఎంత మసకగా చూస్తుందో చెప్పే పట్టికతో, ఎంఎల్ఎస్‌ను కూడా అంతే మసక చేసి, అప్పుడు పోల్చు. ఇంకొకటి, 40 కిలోమీటర్ల పైన ఓజోన్ పగటికీ రాత్రికీ కొద్ది శాతం మారుతుంది. 60 దాటితే రాత్రి ఓజోన్ పగటి దానికి రెట్టింపు మించుతుంది. ఎంఎల్ఎస్ మనమీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక, మళ్లీ రాత్రి అదే వేళకు వెళ్తుంది. ఎస్‌బీయూవీ మోసిన కొన్ని నోవా ఉపగ్రహాలు ఏళ్లు గడిచేకొద్దీ వేళ మార్చుకుంటూ పోయాయి. సేజ్‌ది ఎప్పుడూ పొద్దు పొడిచే, పొద్దు గూకే వేళే. ఎంఎల్ఎస్ పగటి ప్రొఫైళ్లనూ రాత్రి ప్రొఫైళ్లనూ వేరుగా సగటు తీసి పెట్టుకో. నువ్వు 45 దగ్గర ఆగుతున్నావు కాబట్టి గండం చిన్నదే, అయినా ఉంది.

ఫిలిప్పీన్స్ అగ్నిపర్వతం పినటుబో సంగతి క్లుప్తంగా. 1991 జూన్ పేలుడు తర్వాత దాదాపు రెండేళ్లు, 25 కిలోమీటర్ల కింద సేజ్-2 ఓజోన్‌ను నమ్మొద్దు. గంధకపు తుంపరలు వెలుగును అడ్డుకున్నాయి. ఆ భాగం ఖాళీగా వదిలెయ్, నింపొద్దు.

అట్లాగని వింతగా కనిపించిన ప్రతి అంకెనూ కొట్టేయమని కాదు. 1980ల్లో నాసా వాళ్ల ఉపగ్రహ పరికరం టామ్స్ అంటార్కిటికా మీద 180 డాబ్సన్ యూనిట్ల (నేల నుంచి పైదాకా మొత్తం ఓజోన్‌ను కొలిచే ప్రమాణం) కన్నా తక్కువ చూపిన కొలతలకు ప్రోగ్రామ్ అనుమానపు గుర్తు వేసేది. అంత తక్కువ అప్పటిదాకా ఎవరూ చూడలేదు మరి. నాసా డేటాను పారేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది, అది నిజం కాదు. గుర్తు వేశారు, పారేయలేదు. అందుకే 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హాలీ కేంద్రపు నేల కొలతలతో ఓజోన్ రంధ్రం సంగతి బయటపెట్టిన ఏడాదే, భారత సంతతి శాస్త్రవేత్త పవన్ భార్టియా టామ్స్ పటాలతో ఆ రంధ్రం ఎంత పెద్దదో చూపగలిగారు. నువ్వు కూడా గుర్తు వెయ్యి, ఫైలులోంచి తీసెయ్యకు.

గీత అతికాక ధోరణి తీయడం. మన అక్షాంశంలో ఓజోన్‌ను ఊపేవి చాలా ఉన్నాయి. భూమధ్యరేఖ మీది స్ట్రాటోస్ఫియర్ గాలి సుమారు 28 నెలల చక్రంలో తూర్పు పడమరలు మారుతుంది, సూర్యుడిది పదకొండేళ్ల చక్రం, ఎల్‌నినో, అగ్నిపర్వతాలు. వీటన్నిటినీ ఒకే రిగ్రెషన్‌లో, అంటే ఏది ఎంత ఊపిందో విడదీసే లెక్కలో, పెట్టి, మిగిలిన సరళరేఖను చదువు. 1997కు ముందు ఒక వాలు, 2000 తర్వాత ఇంకో వాలు పెట్టు. ఓజోన్‌ను తినే క్లోరిన్ రసాయనాలను ఆపే మాంట్రియల్ ఒప్పందం 1987ది అయినా, పైన క్లోరిన్ తగ్గడం మొదలైంది 1990ల చివర్లోనే. నీ పని సరిగ్గా ఉంటే 40 కిలోమీటర్ల దగ్గర 2000 తర్వాత పదేళ్లకు రెండు శాతం దరిదాపు పెరుగుదల రావాలి. 20 కిలోమీటర్ల దగ్గర పెరుగుదల రాదు. కొద్దిగా తగ్గుదల కూడా రావొచ్చు, దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ఆ ఎత్తులో గీత తగ్గితే కంగారుపడి సరిచేయకు. అనిశ్చితి పట్టీతో సహా వేసి వదిలెయ్.

పొగ సంగతి. రామగుండం, చెల్పూరు చిమ్నీల నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో నేల దగ్గర ఓజోన్‌ను తయారుచేస్తాయి, ఊపిరితిత్తులకు చెడ్డది అదే. కానీ కొన్ని రోజుల్లోనే నైట్రిక్ ఆమ్లంగా మారి వానలో కడుక్కుపోతాయి, 25 కిలోమీటర్ల దాకా ఎక్కవు. ఎక్కగలిగేది నైట్రస్ ఆక్సైడ్. అది వందేళ్లకు పైగా గాలిలో బతుకుతుంది, పొలాల్లో వేసే యూరియా నుంచి కూడా వస్తుంది. అంత కాలం బతికేది ప్రపంచమంతా కలిసిపోతుంది కాబట్టి, అది కరీంనగర్ పొలంలో పుట్టినా కాన్సాస్‌లో పుట్టినా పైన చేసే పని ఒకటే. నీ గీతలో ఈ చిమ్నీల పొగ కనిపించదు.

నేల దగ్గరి ఓజోన్ మీదే నీ ఆసక్తి అయితే ఓఎంఐ కొలిచిన మొత్తం ఓజోన్‌లోంచి ఎంఎల్ఎస్ స్ట్రాటోస్ఫియర్ భాగం తీసేసే పద్ధతి ఉంది. మన దగ్గర మొత్తం శీతాకాలంలో 250, ఎండాకాలం చివరికి 275 డాబ్సన్ యూనిట్ల దరిదాపు ఉంటుంది. అందులో కింది వాటా 35 అనుకో. పైన 235లో రెండు శాతం తప్పితే కింది 35లో పదమూడు శాతం పైన తప్పినట్టు. వానాకాలంలో మబ్బు కింద దాగిన భాగాన్ని ఓఎంఐ కొలవదు, పాత సగటుతో నింపుతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇది ఎత్తుకోవద్దనే నా సలహా.

చివరి పని, నేల నుంచి పరీక్ష. హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి రుతుపవన కాలంలో ఓజోన్‌సోండ్‌లు (బెలూన్‌కు కట్టి పంపే ఓజోన్ కొలిచే చిన్న పరికరాలు) ఎగరేసిన ప్రయోగాలు 2015 ప్రాంతం నుంచి జరిగాయి. తిరుపతి దగ్గర గాదంకిలోనూ ఎగరేస్తారు. 140 కిలోమీటర్ల దూరం పైన లెక్కలోకి రాదు కాబట్టి హైదరాబాద్ బెలూన్ వరంగల్ బెలూన్ కిందే లెక్క. బెలూన్ 30 కిలోమీటర్లు దాటాక పగిలిపోతుంది, అక్కడిదాకే పోల్చు. నెలసగటుతో పోల్చకు. ఆ రోజు, దానికి దగ్గరగా వెళ్లిన ఎంఎల్ఎస్ ప్రొఫైల్‌తో పోల్చు, బెలూన్ ప్రొఫైల్‌ను ముందు మూడు కిలోమీటర్ల మందానికి నునుపు చేసి. రిపోర్టులో మాత్రం మ్యాపు పెట్టొద్దు. అడ్డంగా ఏళ్లు, నిలువుగా పీడనం, రంగుల్లో శాతం తేడా, అట్లా ఒక బొమ్మ వెయ్. ఏ పరికరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో కిందనే గీతలుగా చూపించు. మీ గైడ్ సార్ మొదట అడిగేది దాని గురించే.